హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న: ఈ హళ్ళి ఎవరు?

ప్రశ్న: "చివరికి మిగిలింది హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" అంటాం కదా. సున్న తెలుసు. హళ్ళి ఏమిటి? ఊరికే ప్రాస కోసం వచ్చిందా?

జవాబు: ప్రాస కూడా కుదరలేదు కదండీ! హళ్ళి కూడా సున్నే. కాకపోతే పావుల స్థానంలో కూర్చునే సున్న.

పాత తెలుగు లెక్కల్లో భిన్నాలు నాలుగో వంతుల మీద నడిచేవి. అంకె పక్కన పావులు, ఆ పక్కన వీసాలు, అంటే పదహారో వంతులు. పావులకు నిలువు గీతలు: ౹ పావు, ౺ అర, ౻ ముప్పావు. వీసాలకు అడ్డగీతలు: ౼ ౽ ౾. ఐదు మీద మూడు వీసాలు రాయాలంటే ౫౸౾. నడుమనున్న ౸ "ఇక్కడ పావులు లేవు" అంటోంది. అదే హళ్ళి. వీసాల స్థానం ఖాళీ అయితే మామూలు సున్న పెట్టేవారు. లెక్క తేల్చితే పావుల్లో హళ్ళి, వీసాల్లో సున్న... సామెత అక్కడే పుట్టిందని నా ఊహ. (ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరాయి. మీ ఫోన్‌లో డబ్బాలు కనిపిస్తే నన్ను తిట్టకండి, ఫాంటుని తిట్టండి.)

ప్రశ్న: మరి సున్న అచ్చ తెలుగేనా?

జవాబు: కాదు. సంస్కృత శూన్యం ప్రాకృతంలో సుణ్ణ అయి మనకు సున్నగా దిగింది. అదే శూన్యాన్ని అరబ్బులు "ఖాళీ" అనే అర్థంలో సిఫ్ర్ అన్నారు. అది లాటిన్, ఇటాలియన్ నోళ్ళలో నలిగి జీరో అయింది.

హళ్ళిలాగా ఖాళీ చోటు చూపే గుర్తు బాబిలోనియాలోనూ ఉండేది. సున్నను సంఖ్యల పంక్తిలో కూర్చోబెట్టి కూడికలకూ తీసివేతలకూ సూత్రాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు, క్రీ.శ. 628లో. సున్నను సున్నతో భాగిస్తే సున్నే అన్నాడు. ఈనాటి లెక్కల మాస్టారు దానికి మార్కులెయ్యరు లెండి.

రాతి మీద చూడాలంటే కంబోడియాలోని సంబోర్ శాసనం ఉంది. శక 605, అంటే క్రీ.శ. 683. ఆ ఆరుకూ ఐదుకూ మధ్య ఉన్నది ఒక్క చుక్క. గ్వాలియర్ గుడిలో 876 నాటి శాసనంలోనైతే గుండ్రటి బుల్లి సున్నే. పూలతోటకు 270 హస్తాల పొడవు నేల, దేవుడికి రోజూ 50 మాలలు.

ప్రశ్న: "ఆయన దగ్గర వినయం పూజ్యం" అంటారే, అదీ?

జవాబు: అదీ సున్నే. ఆహ్వానపత్రికలో "పూజ్య గురువులు" రాసేటప్పుడు పక్కన సున్న పడకుండా చూసుకోండి.