పాత ఇంగ్లిష్ పెయింటింగుల్లో మగపిల్లలకి గౌన్లేంటి?

లండన్‌లో బాపట్లోడు

పోయిన శనివారం పిల్లల్ని తీసుకుని లండన్ నేషనల్ గ్యాలరీకి వెళ్లాం. పాతకాలపు ఇంగ్లిష్ చిత్రకారుడు హోగార్త్ వేసిన గ్రాహం పిల్లల బొమ్మ దగ్గర మా ఆరేళ్ల పాప ఆగిపోయింది, అందులో పిల్లి ఉందని. నలుగురు పిల్లలు, పంజరంలో పిట్ట, కుర్చీ వెనక నుంచి ఆ పిట్టనే గుడ్లప్పగించి చూస్తున్న పిల్లి. ఎడమ పక్క బండిలో గౌను వేసుకుని కూర్చున్న చంటిదాన్ని చూపించి "ఈ పాప పేరేంటి నాన్నా" అంది. పక్కన రాసింది చదివితే అది పాప కాదు, థామస్ అనే బాబు. పైగా బొమ్మ పూర్తయ్యేసరికే చనిపోయాడట. ఆ రెండో ముక్క పాపకి చెప్పలేదు.

మా నాన్నకి కూడా తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించకముందు పూలజడ వేసి, గౌను తొడిగి స్టూడియోలో తీయించిన ఫోటో ఉంది. ఇదీ అలాంటి ముచ్చటేనా, లేక వేరే కారణమా? ఇంకో డౌటు. అంతకుముందు కాలం బొమ్మల్లో పిల్లలు పెద్దమనుషుల్లా బిగుసుకుని ఉంటారు, వీళ్లేమో నవ్వుతూ గెంతుతున్నారు. మధ్యలో ఏం జరిగింది?

కుట్టుమిషను

ముచ్చట కాదండీ, అవసరం. అప్పటి మగవాళ్ల లాగులకి ముందు బొత్తాలు, తాళ్లు బోలెడు, రెండేళ్లవాడు అవి విప్పుకునేలోపే పని అయిపోతుంది! గౌనైతే ఎత్తితే చాలు, పిల్లాడు పొడుగైతే కింద మడత విప్పితే చాలు. సుమారు నాలుగు నుంచి ఏడేళ్ల మధ్యలో మొదటిసారి లాగు తొడిగేవాళ్లు, ఇంట్లో అదో వేడుక, మన అక్షరాభ్యాసంలాగా అనుకోండి. రెనాల్డ్స్ అనే ఇంగ్లిష్ చిత్రకారుడు 1788లో వేసిన మాస్టర్ హేర్ అని ఒక బొమ్మ ఉంది, ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో. తెల్ల మస్లిను గౌను, నడుముకి పట్టీ, భుజాల మీదకి జుట్టు, ఎవరు చూసినా ఆడపిల్లే అంటారు. నేనూ అనుకున్నా. డోలు, కర్రగుర్రం, చిన్న కత్తి లాంటివి చేతిలో ఉంటే మాత్రం చాలావరకు మగపిల్లాడే.

గోడమీద బొమ్మ

రెండో ప్రశ్నకి చాలామంది ఒకే జవాబు చెప్తారు, పూర్వం పిల్లల్ని చిన్న సైజు పెద్దవాళ్లుగానే చూసేవాళ్లు, 1762లో రూసో అనే తత్వవేత్త పిల్లల పెంపకం మీద పుస్తకం రాసి కళ్లు తెరిపించాడు అని. నాకు నచ్చదు. హోగార్త్ బొమ్మ 1742 నాటిది, అంటే రూసోకి 20 ఏళ్ల ముందే ఆ పిల్లలు గెంతుతున్నారు కదా. బొమ్మ ఎందుకు వేయించారు, డబ్బు ఎవరిచ్చారు అన్నది చూడాలి. హోల్బైన్ అనే చిత్రకారుడు వేసిన రాకుమారుడు ఎడ్వర్డ్ బొమ్మని 1539 కొత్త సంవత్సరానికి వాళ్ల నాన్న, ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి కానుకగా ఇచ్చారు. పిల్లాడికి ఏడాది దాటిందంతే, గిలక్కాయని రాజదండంలా పట్టుకున్నాడు, కిందేమో నాన్నంతవాడివి కావాలని లాటిన్ పద్యం. అది పిల్లాడి బొమ్మ కాదు, వారసుడు పుట్టాడన్న దండోరా. దాన్ని చూసి ఆ ఇంట్లో ముద్దుముచ్చట్లు లేవనడం, పాస్‌పోర్ట్ ఫోటో చూసి ఈయనెప్పుడూ నవ్వడు అన్నట్టు ఉంటుంది.

గ్రాహం గారు రాజుగారికి మందులు తయారుచేసి ఇచ్చే మనిషి. ఆయనకి కావలసింది వేరు, ఇంట్లో సందడి. రెనాల్డ్స్ అయితే జేన్ బౌల్స్ అనే పాప బొమ్మకి ముందు ఆమె ఇంటికి భోజనానికెళ్లి, పక్కన కూర్చుని కథలు, చిన్న చిన్న గారడీలు చేసి మచ్చిక చేసుకున్నాడట. కుక్కపిల్లని నలిపేసేలా వాటేసుకున్న ఆ బొమ్మ లండన్‌లోనే, వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియంలో. ఇక డబ్బుతో పని లేనప్పుడు ఎలా ఉంటుందంటే మీరు వెళ్లిన గ్యాలరీలోనే గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు తన ఇద్దరు కూతుళ్లని వేసుకున్న బొమ్మ చూడండి. సీతాకోకచిలుక కోసం చిన్నది చెయ్యి చాస్తుంది, అది వాలింది ముళ్లమొక్క మీద. పూర్తిచెయ్యకుండా వదిలేశాడు, అయినా నాకు అన్నిటికంటే అదే ఇష్టం.

అన్నట్టు, థామస్ సంగతి మీరు పాపకి చెప్పలేదు గానీ హోగార్త్ చెప్పేశాడు. బాబు వెనక గడియారం మీద బుల్లి మన్మథుడు ఉన్నాడు, చేతిలో విల్లు కాదు, కోత కొడవలి. అక్కడి బొమ్మల్లో అది చావుకి గుర్తు.

కోఠి బస్టాప్

మన హైదరాబాద్ పిల్లల్ని మర్చిపోతే ఎలా? 1805లో మద్రాసులో జార్జ్ చిన్నరీ వేసిన కిర్క్‌పాట్రిక్ పిల్లల బొమ్మ. తండ్రి హైదరాబాద్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, తల్లి ఖైరున్నిసా బేగం. నాలుగేళ్ల సాహిబ్ ఆలం, మూడేళ్ల సాహిబ్ బేగం, ఇద్దరూ నిజాం దర్బారు దుస్తుల్లో. అన్న తిన్నగా మనకేసి చూస్తాడు, చెల్లి తల దించుకుంటుంది. ఆ వెంటనే ఇంగ్లండు ఓడ ఎక్కించేశారు, అక్కడ బాప్తిస్మం ఇచ్చి పేర్లు విలియం, కేథరిన్ అని మార్చేశారు. తల్లి మళ్లీ వాళ్లని చూడలేదు. చాలా ఏళ్లకి చెల్లెలు ఇంగ్లండులో వేరేవాళ్ల ఇంటి గోడకి ఈ బొమ్మ కనిపించి ఏడ్చేసిందట. వాళ్ల నాన్న కట్టించిన రెసిడెన్సీయే మన పాత కోఠి విమెన్స్ కాలేజీ (2022లో మహిళా విశ్వవిద్యాలయం అయింది), నేను అయిదేళ్లు దాని ముందు బస్సెక్కాను, ఈ సంగతి తెలీకుండా.

లండన్‌లో బాపట్లోడు

అందరికీ థాంక్సండీ. గడియారం నేను అసలు గమనించలేదు, వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తాం, పాప అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. మాస్టర్ హేర్ బొమ్మ నాన్నకి వాట్సాప్‌లో పంపాను. "నా జడ ఇంకా పొడుగు" అన్నారు.