ఫోన్లు, టీవీలల్ల కొత్తదనం అయిపోయిందా? 25 వేలు ఎక్కడ పెడితే తేడా తెలుస్తది?

చౌరస్తా_హన్మకొండ

టెక్నాలజీల ఉండే ఊపు తగ్గిందా, లేకపోతే మనకే కండ్లు నిండినయా? 2007ల ఐఫోన్, మరుసటేడు మొదటి ఆండ్రాయిడ్ ఫోను, 2016 సెప్టెంబర్ల జియో. అప్పట్ల ఏడాది తిరిగేసరికి చేతిలున్నది పాతదైపోయేది. ఇప్పుడు పోయినేటి మోడలు, ఈయేటి మోడలు పక్కపక్కన పెడితే వెనుక కెమెరా ఏ మూలకు జరిగిందన్నదొక్కటే తేడా. టీవీ షాపుల గూడ అంతే. 4కే (ఫుల్‌హెచ్‌డీకి నాలుగింతల చుక్కలు) అంటడు, 8కే అంటడు, చూసేటోనికి అన్నీ ఒక్కతీరే.

అడిగే ముచ్చటేందంటే, ఇంట్ల 25 వేలు పక్కకు పెట్టినం. ఉన్న సామాను: ఐదేండ్ల ఫోను (6 జీబీ, బ్యాటరీ మధ్యాహ్నానికే ఖతం), ఐ3 ఐదో తరం ల్యాప్‌టాప్ (హార్డ్‌డిస్క్‌ది), 43 అంగుళాల ఫుల్‌హెచ్‌డీ టీవీ, మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీతోని 900 వీఏ ఇన్వర్టరు. వీటిల ఏది మారిస్తే నిజంగ మారినట్టు అనిపిస్తది? కంపెనీల పేర్లు వద్దు, లెక్కలు చెప్పుండ్రి.

నానోమీటరు

ఊపు తగ్గిన మాట నిజమే తమ్మీ. కానీ ఒక్కో సామానుకు ఒక్కో కారణం.

టీవీ సంగతి ముందు తేల్చుకుందాం. మంచి చూపున్న కన్ను విడదీసి చూడగలిగేది ఒక డిగ్రీల అరవయ్యో వంతు కోణం వరకే. 43 అంగుళాల టీవీ వెడల్పు 95 సెంటీమీటర్లు. దాన్ని ఫుల్‌హెచ్‌డీల అడ్డంగ ఉండే 1920 పిక్సెళ్లకు (స్క్రీను చుక్కలకు) పంచితే ఒక్కోటి అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరు కంటికి కలిసిపోయే దూరం 1.7 మీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. మీ సోఫా అంతకంటే వెనుకకుంటే 4కే పెట్టినా కన్ను పట్టదు. షాపుల మూరెడు దూరంల నిలబెట్టి చూపిస్తరు కాబట్టే అక్కడ తేడా కొట్టొచ్చినట్టు ఉంటది. ఫోనుకూ ఇదే లెక్క: ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంల పట్టుకుంటే అంగుళానికి 290 పిక్సెళ్లు చాలు. 2010లనే ఐఫోన్ 4 326 ఇచ్చింది. అక్కడితో ఆ పందెం అయిపోయింది. స్క్రీను వెలుతురు, 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మారుడు) లాంటివి మాత్రం వేరే, అవి కంటికి తెలుస్తయి.

ప్రాసెసర్‌ది ఇంకా పాత కథ. 1995ల పెంటియం 133 మెగాహెర్ట్జ్. 2000 మార్చిల ఏఎండీ 1 గిగాహెర్ట్జ్ దాటించింది, అంటే ఐదేండ్లల్ల ఏడింతలు. 2004 నవంబర్ల పెంటియం 4 3.8 దాక వచ్చింది. అక్కడినుంచి 6 గిగాహెర్ట్జ్ చేరడానికి 2023 దాక పట్టింది. అంతకుముందు ట్రాన్సిస్టర్ చిన్నగైన కొద్దీ దానికిచ్చే వోల్టేజీ గూడ తగ్గించుకుంట పోయిండ్రు, అందుకే వేడి పెరగకుంట వేగం పెరిగింది. 2005 చుట్టుపక్కల వోల్టేజీ తగ్గించుడు ఆగిపోయింది. ఇంకా తగ్గిస్తే ఆఫ్‌ల ఉన్న ట్రాన్సిస్టర్ గూడ కరెంటు కారుస్తది. ఇగ కోర్లు (ఒకే చిప్పుల పక్కపక్కన పనిచేసే ప్రాసెసర్లు) పెంచుడే మిగిలింది.

అందుకే మీ ల్యాప్‌టాప్‌ల ప్రాసెసర్ కాదు అడ్డం, డిస్కు. 5400 తిరుగుళ్ల డిస్కు ఒక్క చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు. హెడ్డు జరిగే టైము గూడ కలిపితే సెకనుకు అటూఇటూ 60 సార్లు చదువుడే ఎక్కువ. సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, మెమొరీ చిప్పుల డిస్కు; సాటా అంటే దాన్ని తగిలించే కనెక్షను) వేలల్ల చదువుతది. పదేండ్లల్ల పీసీల మామూలు మనిషికి తెలిసిన ఒకే ఒక్క పెద్ద దుంకు ఇదే అంటాను.

మార్చేది ఇట్ల. 2.5 అంగుళాల సాటా, 7 మిల్లీమీటర్ల మందం, 256 జీబీ చాలు (2025 చివర్నుంచి ఏఐ డేటాసెంటర్ల గిరాకీకి మెమొరీ చిప్పుల రేట్లు ఎక్కినయి, ఊకె పెద్దది కొనకు). పాతదాంట్ల 9.5 మిల్లీమీటర్ల డిస్కుంటే పైన సన్నటి ప్లాస్టిక్ ఫ్రేము పెట్టాలె, లేకుంటే కనెక్టరు ఊగుతది. కాపీ కోసం సాటా-యూఎస్‌బీ కేబుల్. కొత్తది చిన్నగ ఉంటే ముందు పాత పార్టిషన్‌ను కుదించాలె, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఉంటే ఆపాలె. ఈ రెండు మరిచే సగం మంది "కాపీ అయింది గని బూట్ కాలేదు" అంటరు. ర్యామ్ వేయాల్నంటే 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మాత్రమే. షాపుల ఇచ్చే మామూలు 1.5 వోల్టుల డీడీఆర్3 ఆ తరం ల్యాప్‌టాప్‌ల లేవదు. ఎస్‌ఎస్‌డీల ఐదో వంతు ఎప్పుడూ ఖాళీగ ఉంచు, చవక రకాలు నిండినకొద్దీ నత్తలైతయి.

ఒక చేదు మాట. ఐదో తరం మీద విండోస్ 11 అధికారికంగ ఎక్కదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. చదువుకు, బ్రౌజింగుకు విండోస్ బదులు ఉచితంగ దొరికే లినక్స్ మింట్ ఎక్కించుకోవచ్చు.

ఫోనుకు బ్యాటరీ మార్చు, ఫోను మార్చకు. సుమారు 500 సార్లు నిండుగ చార్జి చేసేసరికి లిథియం అయాన్ సత్తువ 80 శాతానికి దిగుతది. ఐదేండ్లంటే ఆ లెక్క ఎన్నడో దాటింది. సెల్లు మీద తయారీ తేదీ చూడు. రెండేండ్లు అల్మారల పడి ఉన్నది కొత్తదనుకోకు. వెనుక గ్లాసు జిగురు వేడికి మెత్తబడ్డంక ప్లాస్టిక్ కార్డుతోనే లేపమను, ఇనుప బ్లేడు సెల్లుకు గుచ్చుకుంటే మంటలే. ఒకసారి విప్పినంక నీళ్లు పోకుంట ఆపే సీలు పోయినట్టే లెక్క.

ఐదు_హెచ్‌పీ

పైన అన్న చెప్పింది సరే. కానీ ఊపు తగ్గలే, జాగ మారింది. జేబులకెళ్లి గోడ మీదికి, బాయికాడికి పోయింది.

నీ పాత ఫ్యాను 75 వాట్లు. బీఎల్‌డీసీది (బ్రష్‌లు లేని డీసీ మోటరుది) ఫుల్ స్పీడుల 30 వాట్ల చుట్టుపక్కల. పాతదాంట్ల రోటరుల (తిరిగే భాగంల) కరెంటు పుట్టించి దాని బలంతో తిప్పుతరు, ఆ కరెంటు కొంత వేడికే పోతది. కొత్తదాంట్ల రోటరుకు అయస్కాంతాలే ఉంటయి. 45 వాట్ల తేడా, రోజుకు 16 గంటలు అనుకో, 0.72 యూనిట్లు. నెలకు 21, మూడు ఫ్యాన్లకు 60 పైన. గృహజ్యోతి (తెలంగాణల నెలకు 200 యూనిట్ల దాక ఉచిత కరెంటు పథకం) ఉన్నోళ్లకు ఎండకాలంల 200 యూనిట్ల గీత దాటితే మొత్తం బిల్లు నెత్తినపడ్తది, అది లేనోళ్లకు గూడ 200 దాటంగనే మొదటి యూనిటు నుంచే రేటు మారుతది. గీతకు అటూఇటూ ఉన్న ఇంటికి ఈ 60 చిన్నది కాదు. ఒక్కో ఫ్యాను మూడువేల చుట్టూత.

బిగించేటప్పుడు చేసే తప్పు ఒక్కటే. పాత రెగ్యులేటరు అట్లనే ఉంచుతరు. అది కరెంటు అలను కోసి పంపుతది, ఫ్యాను లోపలి బోర్డు ఎస్‌ఎంపీఎస్ (ఏసీని డీసీగ మార్చే సర్క్యూటు), ఆ కోతకు ఓర్చదు. ఎంసీబీ దించి, రెగ్యులేటరుకు వచ్చే రెండు వైర్లూ తీసి కనెక్టరుతోని కలిపెయ్యి, స్పీడు రిమోటుతోనే. ఇంకోటి, పాత ఫ్యాను గునిస్తే 2.5 ఎంఎఫ్‌డీ కండెన్సరు మారిస్తే ఐపోయేది, ఏ మెకానికైనా చేస్తడు. దీని బోర్డు ఉరుములకు, వోల్టేజీ ఎగురుడుకు కాలితే అదే మోడలు బోర్డు కావాలె. వారంటీ కాగితం దాచిపెట్టు.

ఇగ బాయికాడి ముచ్చట, అడగకున్నా చెప్తా. పరకాల దిక్కో జమ్మికుంట దిక్కో పోయి బోరు మోటరు స్టార్టరు డబ్బా తెరిచి చూస్తే ఊపు ఎక్కడున్నదో తెలుస్తది. సిమ్ ఉన్న మొబైల్ స్టార్టరు పాత స్టార్టరుకే తగిలిస్తరు. ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పచ్చ బటనుకు అడ్డంగ (పారలల్ల), ఇంకో రిలే ఎర్ర బటనుకు వరుసల (సిరీస్‌ల). ఫోను కొడితే మోటరు లేస్తది, మూడు ఫేజులల్ల ఒకటి పోతే తనే ఆపుతది. ఒక ఫేజు మీద సీటీ (కరెంటు కొలిచే రింగు) తొడిగితే ఆంపియర్లు గూడ చదువుతది. నీళ్లు నిండుగ పోసేటప్పుడు క్లాంప్ మీటరుతోని చూసి, 8.5 ఆంపియర్లుంటే డ్రై రన్‌ను (నీళ్లు లేకుంట తిరిగితే మోటరు ఆపే సెట్టింగును) 6 దగ్గర పెట్టాలె. చూడకుండ కంపెనీ సెట్టింగుతోనే వదిలేస్తే బోరు ఎండినా మోటరు తిరుగుతనే ఉంటది, బుష్‌లు కాలుతయి. సిగ్నలు రాకపోతే ఇనుప డబ్బా లోపల యాంటెన్నా ఉన్నదేమో చూడు, బయటికి తియ్యి. సిమ్ వ్యాలిడిటీ అయిపోవుడు ఇంకా సాధారణం. "మిషిను ఖరాబైంది" అన్నోళ్లల్ల చాలామందిది రీచార్జి పంచాయితీనే.

దీన్ని పాత ఆటోస్టార్టరుతోని కలపొద్దు. అది కరెంటు రాంగనే అందరి మోటర్లను ఒక్కసారే లేపేది. మోటరు లేచేటప్పుడు మామూలుకు ఆరింతల కరెంటు గుంజుతది, ట్రాన్స్‌ఫార్మరు కాడ ఫ్యూజులు ఠప్పుమనేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు అవి తీసెయ్యమన్నది గూడ ఇందుకు, బోర్లల్ల నీళ్లు ఊకె తోడుడు ఆపడానికి.

ఒత్తు_పొల్లు

ఇద్దరు అన్నలూ వాట్లు, వోల్టుల దగ్గరే ఆగిండ్రు. మన భాష దిక్కు చూస్తే గత పదేండ్లే అన్నిటికంటే పెద్దవి.

2018 ఫిబ్రవరిల "జ్ఞా" అన్న తెలుగు అక్షరం మెసేజిల వస్తే ఐఫోన్లు కుప్పకూలినయి, గుర్తుందా? జ, పొల్లు, ఞ, తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు, ఆ పైన దీర్ఘం. ఈ వరుసను గీసే పద్ధతి ఆ సాఫ్ట్‌వేరుకు తెల్వక యాప్ మూసుకపోయేది, తెరిస్తే మళ్లీ అదే. 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసిండ్రు. మన ఒత్తులకు ఫోన్లు అంత కొత్త ఆనాడు. ఇయ్యాల కీబోర్డుల భాషలల్ల తెలుగు కలిపి మైకు నొక్కి మాట్లాడితే రాస్తది. కామాలు, ఫుల్‌స్టాపులు చేత్తో పెట్టుకోవాలె, నెట్ బలహీనమైతే మధ్యలనే ఆగుతది, "పోయిండు" అంటే "పోయాడు" అని దిద్దితే కోపమొస్తది, అయినా పనికొస్తది. చూపు తగ్గిన పెద్దోళ్లుంటే సెట్టింగ్స్‌ల యాక్సెసిబిలిటీకి పోయి, టెక్స్ట్ టు స్పీచ్‌ల తెలుగు గొంతు దించి, టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యుండ్రి. ఒకసారి నొక్కితే చదువుతది, రెండుసార్లు నొక్కితే తెరుస్తది. ఇది తెల్వక "ఫోన్ పట్టుకున్నది" అని షాపుకు ఉరుకుతరు.

స్మార్ట్‌ఫోన్ లేనోళ్లకు 2022 మార్చిల యూపీఐ 123పే వచ్చింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల చాయ్ బండి మీద పైసలొచ్చినయని పలికే డబ్బా ఉన్నది. దాంట్ల ఉన్నది సిమ్ము, స్పీకరు, బ్యాటరీ. ఏ ముక్కా కొత్తది కాదు. కొత్త మోడలు కోసం లైను కట్టేటోళ్లకు ఇది ఊపు అనిపించకపోవచ్చు, ఎవరి ఊపు వాళ్లది.

నాకున్న ఫిర్యాదు వేరే. కొత్తవి రాకపోవుడు కాదు, ఉన్నవి తీసేస్తుండ్రు. ఊడే బ్యాటరీ, ఇయర్‌ఫోన్ రంధ్రం, మెమొరీ కార్డు. యూరప్‌ల 2027 ఫిబ్రవరి 18 నుంచి వాడేటోడే మార్చుకునే బ్యాటరీ ఉండాలని చట్టం తెచ్చిండ్రు. ఆ డిజైన్ల గాలి ఇటు గూడ వీస్తే మంచిదే.

చౌరస్తా_హన్మకొండ

మస్తు సమజైంది. ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, ఫోన్ బ్యాటరీ ఖాయం. టీవీ ముట్టుకోను, సోఫా ఎనిమిది అడుగుల దూరం ఉన్నది. మిగిలిన పైసలతోని ఇన్వర్టరుకు లిథియం బ్యాటరీ పెడితే ఎట్లుంటది? ఫ్రిజ్ గూడ దాని మీదనే ఉన్నది.

ఐదు_హెచ్‌పీ

ఇప్పుడు వద్దు.

సరుకు మంచిదే. 12.8 వోల్టుల 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ) అంటే 1280 వాట్-అవర్లు, దాదాపు అంతా వాడుకోవచ్చు. నీ 150 ఏహెచ్ ట్యూబులర్ 1800 అంటది గని, బతకాల్నంటే సగమే, 900 దాక, తియ్యాలె. బరువు గూడ లిథియందే తక్కువ, డిస్టిల్డ్ వాటర్ పని లేదు. కానీ పాత ఇన్వర్టరుకు దాని భాష రాదు. లిథియం పైకప్పు 14.6 వోల్టులు. ట్యూబులర్ మోడుల కొన్ని ఇన్వర్టర్లు ఆ గీత దాటిస్తయి, అప్పుడు బ్యాటరీల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే బోర్డు) చప్పున తెగగొడ్తది. లిథియం వోల్టేజీ ఆఖరుదాక 13 దగ్గరనే నిలబడ్తది కాబట్టి ఇన్వర్టరు మీది లైట్లు నిండుగనే చూపిస్తయి, తర్వాత ఒక్కపారి చీకటి. 50 ఆంపియర్ల బీఎంఎస్ అయితే 640 వాట్లే దాని పరిమితి, ఫ్రిజ్ కంప్రెసరు లేచేటప్పుడు అంతకు మించి గుంజితే ట్రిప్ అయితది.

ఇంకా ఒక లెక్క చూడు. మూడు పాత ఫ్యాన్లు 225 వాట్లు. 900 వాట్-అవర్లల్ల ఇన్వర్టరు తినేది పోను 720 అనుకుంటే మూడు గంటలు. బీఎల్‌డీసీ మూడు కలిపి 90 వాట్లు, అదే పాత బ్యాటరీ మీద ఎనిమిది గంటలు. ఫ్యాన్లు మారిస్తే బ్యాటరీ పెద్దది చేసినట్టే. ముందు ఫ్రిజ్ వైరు ఇన్వర్టరు లైనుకెళ్లి తీయించి, బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్ల బూడిద వేడినీళ్లతో కడిగి, ఆరు మూతలూ తీసి నీళ్ల మట్టం చూడు. ప్లేట్లు బయట కనబడ్తే ప్లేట్లు మునిగేదాక మాత్రమే డిస్టిల్డ్ వాటర్ పొయ్యి. మిగిలింది చార్జి నిండినంక పొయ్యాలె, లేకుంటే యాసిడ్ పొంగి కిందికొస్తది.