ముళ్లపూడి వెంకటరమణ గారి సభకు హాలు లేదు, గ్రూపులో అందరూ చూడండి (ఎవరి ఊరి పేరుతో వాళ్లు రాస్తున్నారు)

మలికిపురం: ఇక్కడ కువైట్‌లో హాలు వాళ్లు ఇప్పుడే ఫోన్ చేశారు, ఇవ్వరట. మనం ఇచ్చిన కాగితంలో రమణ గారి రాజకీయ వ్యంగ్య కథలు ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ చదవడం, ఆ తర్వాత చర్చ అని ఉంది కదా, అలాంటి సభలు తమ దగ్గర పెట్టనివ్వరట. శనివారం 28, రమణ గారి జయంతి. బ్యానర్, పిల్లల బొమ్మల పోటీ, భోజనాల లెక్క ఎంతవరకు వచ్చాయి?

రాజోలు: ఆ రెండూ తీసేసి మళ్లీ అడుగుదాం. ‘బుడుగు’, ‘ముత్యాలముగ్గు’ డైలాగులు చాలు.

అమలాపురం: ఏమనుకోకండి బాబాయ్, అలాగైతే అది రమణ గారి సభ ఎలా అవుతుంది? ఆంధ్రపత్రికలో పనిచేసి సినిమాలకొచ్చిన మనిషి ఆయన. 1967లో ‘సాక్షి’ చూడండి, హత్య చూసి నిజం చెప్పిన అమాయకుడికి ఊరంతా తలుపులు వేసేసుకుంటుంది. 1978లో ‘మనవూరి పాండవులు’కి మాటలు రాశారు, అందులో కుర్రాళ్లు ఊరి దొర మీద తిరగబడతారు. ‘ముత్యాలముగ్గు’లో మనం నవ్వుకునే ఆ కాంట్రాక్టర్ కూడా డబ్బుతో మనుషుల్ని ఆడించేవాడే. ఇవన్నీ మానేసి నవ్వులొక్కటే పెడితే పిల్లలకు ఆయన్ని సగమే చూపించినట్టు. ఇంత భయమెందుకు?

రాజోలు: భయమంటావేంటమ్మా? ఈ కువైట్ ఎండలో జనాన్ని రోడ్డు మీద కూర్చోబెడతావా? ఏటా హాలు కోసం తిరిగేది నేను.

అమలాపురం: తిరిగినందుకు కాగితంలో ఏం రాయాలో కూడా మీరే చెప్తారా?

మలికిపురం: ఇద్దరూ కాసేపు ఆగండి, దండం పెడతాను.

పులిదిండి: ఆయ్, నేను సెలవు మీద ఊళ్లోనే ఉన్నానండి. ‘సాక్షి’ తీసింది మా ఊళ్లోనే కదా. మా పెదనాన్న ఆ షూటింగు చెట్టెక్కి చూశాడు. సాయంత్రం ఆరింటికి, అంటే మీకు మూడున్నరకి, మా అరుగు మీద ఆయన్ని, మరికొందరు పెద్దవాళ్లను కూర్చోబెట్టి వీడియో కలుపుతాను. అడగాల్సినవి మీరే అడగండి.

రాజోలు: ఇది బాగుంది. హాలు వద్దు, నాలుగు ఇళ్లలో టీవీలకు కలుపుదాం. మా ఇంట్లో ముప్పై మంది పడతారు, పులిహోర మీ పిన్ని చేస్తుంది. అమ్మా అమలాపురం, పంచవింశతి నువ్వే చదువు, మా ఇంటికొచ్చి చదువు.

అమలాపురం: వస్తాను బాబాయ్. ఇందాక నోరు జారాను. ‘సాక్షి’ గురించి పెదనాన్న గారిని మొదట నేనే అడుగుతాను.

మలికిపురం: మిగతా మూడిళ్లు ఎవరివో రాత్రికల్లా చెప్పండి. పులిదిండి తమ్ముడూ, శుక్రవారం ఒకసారి కలిపి చూద్దాం. అరుగు దగ్గర సిగ్నల్ సరిగ్గా లేకపోతే పెద్దవాళ్లను రావులపాలెం తీసుకెళ్లడానికి కారు మాట్లాడు, డబ్బు ఇక్కడి నుంచి పంపుతాం.