‘మందు వాసన’ అంటే ఏ మందు?

మధురవాడ నుంచి: పెద్దలకు నమస్కారం. కోర్టు కాగితాలు ఇంగ్లీషులోకి మార్చే పని నాది. ఒక పాత శవపంచనామాలో ‘మృతుని నోటి నుండి మందు వాసన వచ్చుచున్నది’ అని ఉంది. బ్రాందీయా, పురుగుల మందా? గదిలో ఖాళీ గ్లాసు ఉందని తప్ప ఇంకే ఆధారమూ లేదు. ఏం రాయమంటారు?

గాజువాక నుంచి: మా వీధిలో ‘మందు కొట్టాడు’ అంటే సీసా ఖాళీ చేశాడని. చేలో అదే మాటంటే స్ప్రేయర్ భుజాన వేసుకున్నాడని. ‘మందు తాగేశాడు’ అని గొంతు తగ్గించి చెప్తే మాత్రం, వెంటనే ‘ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారు?’ అని అడుగుతాం. కాగితం మీద ఆ గొంతు వినపడదు, అదీ ఇబ్బంది.

ఎంవీపీ కాలనీ నుంచి: నేను ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పంచనామా రాసేవారికి ఎప్పుడూ ఒకటే చెప్పేదాన్ని: వాసనకి పేరు పెట్టకండి, ఎలా ఉందో రాయండి. వెల్లుల్లిలా ఉందా, కుళ్ళిన చేపలా ఉందా, కిరసనాయిల్‌లా ఉందా? గిడ్డంగుల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రకు తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. స్వచ్ఛమైన ఫాస్ఫీన్‌కి అసలు వాసనే లేదు. ముక్కుకి తగిలేది దాంట్లో కలిసిన మలినాల వాసన. ఫిషింగ్ హార్బర్ పక్కన ఇల్లున్నవాడికి కుళ్ళిన చేప వాసన కొత్తగా ఏం తెలుస్తుంది చెప్పండి!

అందుకే మేం ముక్కుని నమ్మేవాళ్ళం కాదు. సిల్వర్ నైట్రేట్‌లో తడిపిన కాగితానికి ఫాస్ఫీన్ తగిలితే నల్లబడుతుంది. కానీ కుళ్ళిన శరీరం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌కీ నల్లబడుతుంది. పక్కనే లెడ్ ఎసిటేట్ కాగితం పెడితే తేడా తెలుస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్‌కి నల్లబడుతుంది, ఫాస్ఫీన్‌కి నల్లబడదు. ఇవి తొలి పరీక్షలే. ఖాయం చేసుకోడానికి సీసాలో నమూనా పైన చేరిన గాలిని తీసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కి, అంటే కలిసిన వాయువుల్ని విడదీసి చూపే యంత్రానికి, ఇస్తాం. మూత వదులుగా ఉంటే వాయువు దారిలోనే ఎగిరిపోతుంది. మూత సరిగా బిగించని సీసా చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గాజువాక నుంచి: ఆ మాత్రలు పెట్టడాన్ని కొందరు ‘పొగ పెట్టడం’ అంటారు మేడం. టార్పాలిన్ కప్పుతారు గానీ పొగ ఏటి, ఎక్కడుంది? మా ఓనరు నన్ను ఇల్లు ఖాళీ చేయించడానికి పెడుతున్నదే అసలు పొగ.

ఎంవీపీ కాలనీ నుంచి: ‘వాయువు పట్టించడం’ అంటే సరిపోతుందనుకుంటా, వినడానికి బాగోకపోయినా.

మధురవాడ నుంచి: ‘మందు’ని అలాగే ఉంచి, అడుగున రెండర్థాలూ రాశాను. ఇంతలో వకీలుగారు ఫోన్ చేసి, ఏ మందో తేల్చి రాయమన్నారు. అది ల్యాబ్ రిపోర్టులో ఉండాలండీ అన్నాను. పంపారు. జిరాక్స్‌లో ఆ పేజీ సగం తెగిపోయింది.