కొన్నవారు ఇటలీలో, డబ్బు పోర్చుగల్‌లో, మెయిల్ చీమకుర్తిలో. ఫిర్యాదు ఎక్కడ?

ప్రశ్న: చీమకుర్తి గుమాస్తా

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో ఒక చిన్న గ్రానైట్ ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. మాది గెలాక్సీ రాయి. బ్లాకు కొని, కోసి, పాలిష్ పట్టి స్లాబులుగా ఎగుమతి చేస్తాం. మా సరుకులో సగానికి పైగా ఇటలీలో వెరోనా దగ్గర ఉండే ఒకే కొనుగోలుదారు తీసుకుంటారు. పదకొండేళ్ల పరిచయం. రెండుసార్లు ఇక్కడికి వచ్చి, ఎండలో నిలబడి, బ్లాకు మీద చెంబుతో నీళ్లు పోయించి చుక్కల వరుస చూసుకుని వెళ్లిన మనిషి.

2025 జూలైలో చెన్నై రేవు నుంచి ఆయనకు రెండు కంటైనర్లు పంపాం. విలువ 46,000 యూరోలు. 30 శాతం ముందే వచ్చింది. మిగిలిన 32,200 యూరోలు బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని ఓడ సంస్థ ఇచ్చే పత్రం) కాపీ అందాక రావాలి. కాపీ మెయిల్‌లో పంపాను. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. ఆయన ఎన్నడూ ఆలస్యం చేసిన మనిషి కాదు కనుక అడగడానికి మొహమాటపడ్డాను. పన్నెండో రోజున ఫోను చేస్తే, డబ్బు పంపి తొమ్మిది రోజులైందన్నారు.

మా పేరుతో ఆయనకు వెళ్లిన మెయిల్ తెప్పించుకుని చూశాను. మా సంస్థ పేరులో ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం ఉంది. దొంగ చిరునామాలో దాని బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టారు. చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిసి అచ్చం 'ఎమ్' లాగే కనిపిస్తాయి. కళ్లద్దాలు తుడుచుకుని మూడుసార్లు చూస్తే గాని తేడా తెలియలేదు. మా లెటర్‌హెడ్, యజమాని సంతకం, ఇన్వాయిస్ నంబరు, కంటైనర్ నంబర్లు అన్నీ సరైనవే. "మా ఖాతాలో ఆడిట్ జరుగుతోంది, ఈసారికి యూరప్‌లోని మా ఏజెంటు ఖాతాకు పంపండి" అని రాసి, పోర్చుగల్‌లోని ఒక బ్యాంకు ఖాతా ఇచ్చారు.

తర్వాత నా మెయిల్ వెతికాను. ఆయన దగ్గరి నుంచి వచ్చే ఉత్తరాలన్నీ నేను ఎప్పుడూ తెరవని ఒక ఫోల్డర్‌లోకి వాటంతట అవే వెళ్లిపోయేలా ఎవరో ఏర్పాటు చేసి పెట్టారు. అందులో నాలుగు ఉత్తరాలున్నాయి. ఒకదానిలో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి, "ఖాతా నిజంగా మారిందా? నువ్వు చెబితేనే పంపుతాను" అని అడిగారు. దానికి నా పేరుతో వేరెవరో జవాబిచ్చారు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించలేదు.

ఇప్పటికి ఆరు నెలలైంది. ఇక్కడ ఒక స్టేషన్‌కు వెళ్తే, డబ్బు మీ ఖాతాలో నుంచి పోలేదు కదా, ఇక్కడ కేసేముంది అన్నారు. ఇటలీలో ఆయన ఫిర్యాదు చేశారు. ఖాతాలో ఇప్పుడు ఏమీ లేదని పోర్చుగల్ బ్యాంకు జవాబు. మెయిల్ నడిపే సంస్థ అమెరికాది. ఎగుమతి సొమ్ము వచ్చిందో లేదో బ్యాంకులు చూసే రిజర్వు బ్యాంకు వ్యవస్థ ఈడీపీఎంఎస్‌లో మా షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) బాకీ అలాగే కనిపిస్తోంది. సైబర్ భద్రత మీద దేశాలన్నీ చేతులు కలుపుతున్నాయని పేపర్లో చదువుతున్నాం. నాలుగు దేశాలకు పాకిన ఈ 32,200 యూరోల కోసం ఆ చేతులు ఎక్కడ కలుస్తాయో తెలిసినవారు చెప్పండి. మేము ఇంకా ఏమైనా చేయగలమా?

జవాబు: దర్గామిట్ట, నెల్లూరు (విశ్రాంత బ్యాంకు అధికారి, విదేశీ మారకం)

మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఈ రకం మోసాలు నా సర్వీసు చివరి ఏళ్లలో మూడు చూశాను. మూడింటిలోనూ డబ్బు పోవడానికి అసలు కారణం మీరు రాసిన మాటే: మొహమాటం. పన్నెండు రోజులు ఆగారు. బ్యాంకుల మధ్య డబ్బు ఆపడానికి పనికివచ్చే కాలం గంటల్లో ఉంటుంది. మిమ్మల్ని నొప్పించాలని చెప్పడం లేదు, ఇది చదివే మరొకరు రేపు ఆగకూడదని చెబుతున్నాను.

చేతులు కలిస్తే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ ఉంది. 2024 జూలైలో సింగపూర్‌లోని ఒక సరుకుల వ్యాపార సంస్థకు సరఫరాదారు పేరుతో ఇలాంటి మెయిలే వచ్చింది. చిరునామాలో అక్షరం తేడా. ఖాతా తూర్పు తిమోర్‌లో. 19వ తేదీన 4.23 కోట్ల అమెరికన్ డాలర్లు పంపారు. డబ్బు అందలేదని అసలు సరఫరాదారు చెప్పాక 23న సంగతి బయటపడింది. సింగపూర్ పోలీసులు ఇంటర్‌పోల్‌లోని ఐ-గ్రిప్ అనే ఏర్పాటు ద్వారా తిమోర్ పోలీసులను అందుకున్నారు. సభ్య దేశాల పోలీసులు నేరం సొమ్మును దారిలోనే ఆపమని ఒకరినొకరు వెంటనే కోరే మార్గం అది. 2022లో మొదలైంది. 25వ తేదీకల్లా 3.9 కోట్ల డాలర్లు ఆపేశారు. ఏడుగురు పట్టుబడ్డారు, మరో 20 లక్షల డాలర్ల పైచిలుకు దొరికింది. తెలిసిన రోజునే కదిలారు కాబట్టి ఇంత దక్కింది. ఇంటర్‌పోల్‌లో మన దేశం ఉంది, ఇక్కడ ఆ పని చూసేది సీబీఐ. మార్గం ఉంది, కానీ ఆ మార్గంలో మన కాగితం ఎక్కడానికి పట్టే కాలమే మనల్ని ముంచుతోంది.

ఇంకొక విషయం. పోర్చుగల్ ఖాతా అంటే ఐబాన్ ఉంటుంది, అంటే దేశం అక్షరాలతో మొదలయ్యే అంతర్జాతీయ ఖాతా నంబరు. మన దేశంలో ఐబాన్ పద్ధతే లేదు. భారతీయ ఎగుమతిదారు ఇన్వాయిస్‌లో ఐబాన్ కనబడితే అక్కడికక్కడే ఆగాలి. మీ కొనుగోలుదారు బ్యాంకులో ఆ సంగతి ఎవరూ గమనించలేదు, బాధాకరం. 2025 అక్టోబరు 9 నుంచి యూరో వాడే దేశాల్లో బ్యాంకులు డబ్బు పంపే ముందే ఐబాన్‌కూ పేరుకూ పొంతన ఉందో లేదో చూసి, లేకపోతే పంపేవారికి చెప్పి తీరాలనే నిబంధన అమలులోకి వచ్చింది. మీ ఉదంతం జూలైది. మూడు నెలల తేడా. ఇక్కడ కూడా ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లకు పేరు చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ నుంచి వచ్చింది. సరిహద్దు దాటి పంపేటప్పుడు ఇటువైపు పేరు అటువైపు కనబడే ఏర్పాటు మాత్రం మనకూ యూరప్‌కూ మధ్య లేదు. నా దృష్టిలో దేశాలు కూర్చుని ముందుగా తేల్చుకోవలసింది ఇదే. పెద్ద పెద్ద ప్రకటనల కంటే ఈ చిన్న పని ఎక్కువమందిని కాపాడుతుంది.

షిప్పింగ్ బిల్లు విషయం: ఎగుమతి సొమ్ము రాబట్టే గడువును 9 నెలల నుంచి 15 నెలలకు పెంచుతూ 2025 నవంబరులో నిబంధన మారింది. మీ జూలై బిల్లుకు అది ఎలా వర్తిస్తుందో మీ బ్యాంకును రాతపూర్వకంగా అడగండి, ఇటలీ ఫిర్యాదు కాపీ జతచేయండి. మాటలతో వదిలేయకండి.

జవాబు: ఒంగోలు న్యాయవాది

పై పెద్దాయన డబ్బు సంగతి చెప్పారు. నేను కేసు సంగతి చెబుతాను.

మీరు స్టేషన్‌లో ఫిర్యాదు తప్పుగా చెప్పి ఉంటారు. "మా డబ్బు పోయింది" అని మొదలుపెడితే ఆ జవాబే వస్తుంది. మీ మెయిల్‌లోకి అనుమతి లేకుండా చొరబడ్డారు, మీ గుర్తింపును వాడి మోసం చేశారు. ఐటీ చట్టంలో 66, 66-సి, 66-డి సెక్షన్లు. కంప్యూటర్ చీమకుర్తిలో ఉంది, చేసినవాడు ఏ దేశంలో ఉన్నా 75వ సెక్షన్ ప్రకారం చట్టం వర్తిస్తుంది. పరిధి మాది కాదని చెప్పడానికి కూడా వీల్లేదు, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. రాసి తీసుకెళ్లండి. జాతీయ సైబర్ నేరాల ఫిర్యాదు పోర్టల్‌లో కూడా నమోదు చేసి ఆ నంబరు వేయండి.

ఇక నాలుగు దేశాల సంగతి. సైబర్ నేరాల మీద దేశాల మధ్య బుడాపెస్ట్ ఒప్పందం అని ఒకటి ఉంది. 2001లో సంతకాలకు పెట్టారు, 2004 నుంచి అమలులో ఉంది. ఇటలీ, పోర్చుగల్, అమెరికా మూడూ అందులో ఉన్నాయి. ఆ దేశాల పోలీసులకు రాత్రీ పగలూ పనిచేసే సంప్రదింపు కేంద్రాలున్నాయి. ఫలానా మెయిల్ రికార్డులు చెరిపేయకుండా ఆపండి అని ఒకరినొకరు వెంటనే అడగవచ్చు. మన దేశం అందులో లేదు. తయారీలో మాకు పాత్ర లేదు, మా దేశంలోని సమాచారం మీదికి ఇతరులు నేరుగా వస్తారు అన్నది మనవారి అభ్యంతరం. అది కొట్టిపారేయవలసిన అభ్యంతరం కాదు. కానీ దాని మూలంగా ఒంగోలు పోలీసులు అమెరికా సంస్థను రికార్డులు అడగాలంటే 2005లో అమలుకు వచ్చిన పరస్పర న్యాయ సహాయ ఒప్పందం దారిన, హోం శాఖ మీదుగా వెళ్లాలి. మామూలుగా నెలలు పడుతుంది. మెయిల్ సంస్థల దగ్గర రికార్డులు అంతకాలం ఉంటాయన్న హామీ లేదు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను: మీ దగ్గరున్న ఆధారాన్ని ఇటలీ చేతికి ఇస్తాను. మెయిళ్ల పూర్తి హెడర్లు (మెయిల్ ఏ దారిన వచ్చిందో చూపే వివరాలు), ఆ దొంగ ఫోల్డర్ ఏర్పాటు తెర చిత్రం, లాగిన్ల జాబితా, ఏది ఉంటే అది. మీ కొనుగోలుదారు వాటిని అక్కడి సైబర్ పోలీసులకు, అంటే పోలిజియా పోస్తాలేకు ఇస్తే, వారు పోర్చుగల్‌నూ అమెరికానూ నేరుగా అడగగలరు. మనం తట్టలేని తలుపు వారు తట్టగలరు. ఇక్కడి కోర్టుకు కూడా పనికివచ్చేలా భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు కావలసిన సర్టిఫికెట్ రాయించండి.

ఐక్యరాజ్య సమితి సైబర్ నేరాల ఒప్పందం వచ్చింది కదా అని ఎవరో అడిగేలోపే చెబుతాను. 2024 డిసెంబరు 24న జనరల్ అసెంబ్లీ ఆమోదించింది, 2025 అక్టోబరులో హనోయ్‌లో సంతకాలు మొదలయ్యాయి. 40 దేశాలు ధ్రువీకరించాక గాని అమలులోకి రాదు. ఎలక్ట్రానిక్ సాక్ష్యం ఇచ్చిపుచ్చుకోవడానికి అది ఉపయోగపడుతుంది. అయితే ఏ దేశమైనా తన చట్టంలో నాలుగేళ్లు లేదా అంతకు మించి జైలు శిక్ష రాసుకున్న ఏ నేరానికైనా సాక్ష్యం అడగవచ్చు. విమర్శకుడి మీద కేసుకూ అదే దారి వాడతారేమోనని హక్కుల సంఘాలు ఆందోళన చెబుతున్నాయి. నేను వారితో ఏకీభవిస్తాను. మీలాంటి వారికి వేగం కావాలి, ఆ వేగానికి న్యాయమూర్తి కళ్లెం కూడా కావాలి.

జవాబు: కావలి హేచరీ

మాది రొయ్య పిల్లల హేచరీ. తల్లి రొయ్యలను హవాయి నుంచి తెప్పిస్తాం, చెన్నైలో క్వారంటైన్‌లో ఉంచాక మాకు వస్తాయి. డబ్బు ముందే పంపాలి కాబట్టి మీ కొనుగోలుదారు నిలబడిన చోట మేము ప్రతిసారీ నిలబడతాం. ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఆయన అడిగారు. అడిగిన దారే దొంగ చేతిలో ఉంది.

మేము చేసేది ఒక్కటే. మొదటి ఒప్పందం రోజున రెండు వైపులా ఇద్దరేసి మనుషుల ఫోను నంబర్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకున్నాం. ఖాతాలో ఒక్క అంకె మారినా ఆ కాగితం తీసి ఆ నంబరుకే ఫోను చేస్తాం. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేయం. వాళ్లు చేసిన ఫోనును కూడా నమ్మం. ఎందుకంటే ఇప్పుడు గొంతులు, ముఖాలు తయారు చేస్తున్నారు. 2024లో హాంకాంగ్‌లో ఒక బ్రిటిష్ ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి వీడియో సమావేశంలో తన పై అధికారులను చూసి, వారి మాట విని, 15 దఫాలుగా 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపాడు. తెర మీద ఉన్నవారెవరూ నిజం కాదు. అందుకే మేము ఫోనులో ఇంకో మాట అడుగుతాం: కిందటి సరుకులో ఎన్ని దారిలో చచ్చిపోయాయి? ఆ లెక్క మెయిల్‌లో ఎప్పుడూ రాయం. మా ఇద్దరికే తెలుసు.

మీ మెయిల్‌కు రెండో తాళం, అంటే ఫోనుకు వచ్చే అంకె కాకుండా యాప్‌లో మారే అంకె, ఈ రాత్రికే పెట్టండి. మీ యజమానిదానికి కూడా.

జవాబు: చీమకుర్తి గుమాస్తా

ముగ్గురికీ రుణపడి ఉంటాను. న్యాయవాది గారూ, లాగిన్ల జాబితా అన్నారు కదా. ఇప్పుడు తెరిస్తే పాతవి లేవు. కానీ జూలైలో సంగతి తెలిసిన సాయంత్రం కంగారులో ఆ తెరను నా ఫోనుతో ఫోటో తీశాను. ఇన్నాళ్లూ అది ఫోనులోనే ఉంది, ఎవరూ అడగలేదు. నిన్న రాత్రి పెద్దది చేసి చూశాను. జూన్ 11, తెల్లవారుజామున 3:40. నేను ఎన్నడూ వెళ్లని దేశం పేరు, పక్కన ఐపీ నంబరు (ఇంటర్నెట్‌లో ఆ లాగిన్ వచ్చిన చిరునామా), స్పష్టంగా ఉన్నాయి.

జవాబు: ఒంగోలు న్యాయవాది

ఆ ఫోనును మార్చకండి, అమ్మకండి, ఆ ఫోటోను వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, వివరాలు చెరిగిపోతాయి. ఫోనుతోనే రండి.

జవాబు: చీమకుర్తి గుమాస్తా

ఈ ఉదయం వెరోనాకు ఫోను చేశాను. మెయిల్‌లో ఉన్న నంబరు కాదు, ఆయన 2014లో మొదటిసారి వచ్చినప్పుడు ఇచ్చిన విజిటింగ్ కార్డు మీద నంబరు. కార్డు మా యజమాని పర్సులో ఉంది. ఆరు నెలలుగా మేమిద్దరం నేరుగా మాట్లాడుకోలేదు, ఆయన లాయరు ఒక ఉత్తరం, మేము ఒక ఉత్తరం. ఆధారం దొరికిందని చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మీ మనుషులే చేశారేమోనని ఒక దశలో అనుకున్నాను, క్షమించండి అన్నారు. నాకు గొంతు పట్టేసింది.

నష్టం చెరిసగం భరిద్దామని ఆయనే అన్నారు. యజమాని ఒప్పుకున్నారు. 16,100 యూరోలు మా పాత ఖాతాకే వస్తాయి. మిగతా సగం గురించి షిప్పింగ్ బిల్లు మీద ఏమి రాయాలో దర్గామిట్ట పెద్దాయన చెప్పినట్టు బ్యాంకుకు ఉత్తరం పెట్టాను. పోలిజియా పోస్తాలేలో తన ఫిర్యాదు నంబరు ఆయన అంకె అంకె చదివి చెప్పారు, రాసుకుని తిరిగి చదివి వినిపించాను. హెడర్ల ప్రతులు రెండు కట్టలు కట్టాను, ఒకటి వెరోనాకు కొరియర్‌లో, ఒకటి ఒంగోలుకు నాతో. రేపు ఉదయం 9 గంటల బస్సుకు బయలుదేరుతున్నాను.