అర్థం తెలియని జపాన్ పాటకి కళ్లు తడిస్తే, గొప్ప బాణీదా మాటలదా?

పాతరేడియో:
మొన్న ఆదివారం మా ఇంట్లో మొదలైన తగువు ఇది. తీర్పు మీరే చెప్పాలి. మావాడు ఫోన్లో ఏదో జపాన్ పాట పెట్టాడు. మా ఆవిడ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. పాట సగంలోకి వచ్చేసరికి చెయ్యి ఆగింది, కొంగు కళ్ల దగ్గరికి వెళ్లింది. "ఒక్క ముక్కైనా అర్థమైందా అమ్మా?" అని వాడు ఒకటే నవ్వు. పాట పేరు 'నాదా సోసో', పాడినావిడ రిమి నాత్సుకావా. అబద్ధమెందుకు, నాక్కూడా గొంతులో ఏదో అడ్డుపడింది.

నేననేది ఒక్కటే. మాట తెలియకుండానే ఏడిపించిందంటే ఆ పుణ్యం బాణీది, గొంతుది. మాటలు పులిహోరలో జీడిపప్పులాంటివి, ఉంటే మంచిదే. సాక్ష్యం కావాలా? 1961లో జపాన్‌లో వచ్చిన 'ఉయె ఓ ముయితె అరుకో', 1963 జూన్‌లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. పాడింది క్యూ సకమోటో, అంతా జపనీస్‌లోనే. ఆ రికార్డు కొన్నవాళ్లలో ఆ భాష వచ్చినవాళ్లు ఎందరుంటారు?

గోడమీదపిల్లి:
రేడియో గారూ, మీరు తెచ్చిన సాక్షి మీకే ఎదురు తిరుగుతున్నాడు. ఆ పాటని అమెరికాలో అమ్మిన పేరేంటో చెప్పలేదేం? 'సుకియాకి'. గొడ్డుమాంసమూ కూరగాయలూ వేసి ఉడికించుకు తినే వంటకం అది. పాటలో తిండి ఊసే లేదు. ఘంటసాల విషాదగీతానికి 'గోంగూర పచ్చడి' అని పేరు పెట్టినట్టుంది. అసలు పేరుకి అర్థం 'పైకి చూస్తూ నడుద్దాం'. ఎందుకు పైకి? తల దించితే కన్నీళ్లు రాలిపోతాయి కాబట్టి.

ఇప్పుడు చెప్పండి, కొన్నవాళ్లు ఏడ్చారని మీకెవరు చెప్పారు? గంతులేసే తాళం, మధ్యలో మాటలాపి వేసే ఈల. వంటకం పేరున్న హుషారు పాట అనుకుని చిటికెలేస్తూ విన్నవాళ్లు ఉండరా? అమ్ముడుపోవడం వేరు, గుండెకి తగలడం వేరు. అర్థం చేరకపోతే రెండోది జరగదు.

వీణమెట్లు:
మధ్యలో స్వరాలు తెస్తున్నాను, తిట్టకండి. జపాన్ వాళ్లకి 'యోనానుకి' అని ఒక స్కేలు, అంటే స్వరాల వరుస, ఉంది. యో అంటే నాలుగు, నా అంటే ఏడు, నుకి అంటే తీసేయడం. మేజర్ స్కేలులో, అంటే మన శంకరాభరణం స్వరాల్లో, నాలుగోదీ ఏడోదీ తీసేస్తే మిగిలేది స రి గ ప ద. అక్షరాలా మన మోహనం! సకమోటో పాట ఎక్కువ భాగం ఈ ఐదింటి చుట్టూనే తిరుగుతుంది. ఇందులోనే మైనర్ రకం కూడా ఉంది, మన శివరంజనిలో 'ద'ని అర మెట్టు దించినట్టు, అంటే చతుశ్రుతి ధైవతం తీసి శుద్ధ ధైవతం పెట్టినట్టు. ఎన్కా అనే పాతకాలం తరహా పాటల్లో అది బాగా వినిపిస్తుంది. అది విని దిగులు పుట్టిందంటే ఆశ్చర్యం లేదు.

కానీ మోహనం అంటే మనకి వెలుతురు కదా. మరి ఈ పాటలో దిగులు ఎక్కడ దూరింది? ఇంట్లో కీబోర్డు ఉంటే పట్టుకోండి. సంతోషం ఎక్కడో మబ్బుల పైన ఉందనే చరణం దగ్గర, శ్రుతి సి అనుకుంటే, ముందు ఎఫ్ మేజర్ కార్డు, అంటే ఎఫ్, ఎ, సి మూడూ ఒకేసారి, వాయించి సి కార్డుకి రండి. రెండోసారి అదే ఎఫ్ పట్టి, మధ్య వేలు ఒక్కటి అర మెట్టు దించండి. ఎఫ్ మైనర్. మళ్లీ సి. అంతే! ఒక్క వేలు కదిలింది, గదిలో లైటు కాస్త తగ్గినట్టుంటుంది. దానికి నిఘంటువు అక్కర్లేదు. పిల్లి గారూ, ఈ ఒక్క చోట మీరు ఓడిపోయారు.

గోడమీదపిల్లి:
ఒక్క వేలుకి ఓడిపోను. మైనర్ కార్డు దిగులుగా ఉంటుందని మన చెవికి నేర్పింది కూడా వందల సినిమా పాటలే, తల్లి కడుపులో నేర్చుకున్నది కాదు.

నగోయాబాబాయి:
పదకొండేళ్లుగా ఇక్కడ జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఒక మాట చెప్పనా? మీరంతా పాటని సీసాలో పెట్టి చూస్తున్నారు. ఇక్కడ పాట సందర్భానికి అతుక్కుని ఉంటుంది. బడి సంవత్సరం మార్చిలో ముగిసి ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆఫీసు బదిలీలూ ఎక్కువగా అప్పుడే. సరిగ్గా అప్పుడే చెర్రీ పూలు పూసి వారం పదిరోజుల్లో రాలిపోతాయి. అందుకే 'సాకురా', అంటే చెర్రీ పూలు, అని పేరున్న పాటలు లెక్కలేనన్ని. 2003లో నావోతారో మోరియామా పాడిన 'సాకురా' అలాంటిదే. అన్నట్టు ఆయన తల్లి ర్యోకో మోరియామాయే రేడియో గారింట్లో గొడవ పెట్టిన 'నాదా సోసో'కి మాటలు రాసింది. చిన్న వయసులో పోయిన తన అన్నని తలుచుకుని రాసింది. బాణీ జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకి చెందిన బిగిన్ బృందానిది. పాట పేరులోని రెండు మాటలూ ఒకినావా భాషవే, 'కన్నీళ్లు బొటబొటా రాలుతున్నాయి' అని.

మా కాచో, అంటే సెక్షన్ పెద్ద, ఓ మార్చి నెలాఖరున బదిలీ మీద వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లు కలిసి పనిచేశాం, నాతో పని తప్ప ఒక్క మాట మాట్లాడి ఎరుగడు. వీడ్కోలు విందు అయ్యాక కరవోకేకి వెళ్లాం. ఆయన సకమోటో పాట పెట్టుకున్నాడు. శ్రుతి ఎక్కడో, ఆయన ఎక్కడో. ఈల దగ్గరికి వచ్చేసరికి పెదాలు సున్నాలా చుట్టాడు, ఈల రాలేదు, గాలి వచ్చింది. మైకులో ఆ గాలి చప్పుడు ఒక్కటే. ఎవరూ నవ్వలేదు.

ఇక మాటల సంగతి. 'అరుకో'ని తెలుగులోకి తేవాలంటే 'నడుస్తాను' అనాలి, లేదా 'నడుద్దాం' అనాలి, ఏదో ఒకటి తేల్చుకోవాలి. జపనీస్‌లో ఆ తేల్చుకోవడమే లేదు. ఎవరు ఏడుస్తున్నారో, ఎందుకో కూడా చెప్పడు. రాసిన రోకుసుకె ఎయ్, 1960లో అమెరికాతో భద్రతా ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన ఆందోళనల నుంచి ఇంటికి నడిచి వస్తూ పడ్డ నిరాశలోంచి ఈ పాట పుట్టిందంటారు. పాటలో ఒప్పందమూ లేదు, జెండా లేదు. అందుకే ప్రేమ పోయినవాడూ పాడుకుంటాడు, ఊరు వదిలినవాడూ పాడుకుంటాడు.

గోడమీదపిల్లి:
బాబాయ్, ఇదంతా భాష వచ్చినవాడికి తెలిసే సుఖం. అంటే మీరు నా పక్షమే. ఇంకోటి, 1985 ఆగస్టు 12న విమానం కూలి 520 మంది పోయారు, వాళ్లలో సకమోటో ఒకడు. 43 ఏళ్లు. అది తెలిశాక ఆ ఈల వింటే మనిషికి ఒళ్లు ఝల్లుమంటుంది. బాణీలో ఒక్క స్వరమైనా మారిందా? మారింది మనకి తెలిసిన సంగతి.

రామెన్‌రాజా:
పిల్లి అక్క చెప్పింది కరెక్ట్. జోన్ బృందం 2001లో పాడిన 'సీక్రెట్ బేస్' నా ప్లేలిస్టులో ఎన్నోసార్లు వచ్చింది, ప్రతిసారీ దాటేశా. తర్వాత 2011 నాటి 'అనోహానా' యానిమే, అంటే జపాన్ కార్టూన్ సీరియల్, చూశా, అందులో ముగింపు పాట అదే, వేరే గొంతులతో. చివరి ఎపిసోడ్‌కి హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని ఏడ్చా. రూమ్మేటు జ్వరమనుకుని పారాసిటమాల్ ఇచ్చాడు.

పాతరేడియో:
రాజా, అది యానిమే ఏడిపించింది నాయనా, పాట కాదు. పిల్లి గారికి ఒకటి చెప్తా. సకమోటో మాటల్ని తిన్నగా పలకడు, ఎల్విస్ ఫక్కీలో అక్షరాన్ని విరిచి, వెక్కిళ్లు వచ్చినట్టు పాడతాడు. రాసిన ఎయ్‌కే మొదట అది నచ్చలేదంటారు. రాసినవాడికి నచ్చకుండా మాటని విరగ్గొట్టిన పాట దేశాలు దాటిందంటే, దాటించింది గొంతు కాదా? పైగా మనకి ఆ భాష చెవికి మరీ పరాయిది కాదు. 'న్' తో ఆగేవి తప్పిస్తే మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, తెలుగులాగే. సాగదీయడానికి అనువు.

సరే, బాబాయి గారు చెప్పిన అన్న కథ రాత్రి మా ఆవిడకి చెప్పాను. మళ్లీ పాట పెట్టాను. ఈసారి కన్ను తడవలేదు. "ఎందుకు చెప్పావయ్యా. ఇందాకటిదాకా అది నా పాట. ఇప్పుడు వింటుంటే ఆవిడ అన్నయ్యే కనిపిస్తున్నాడు, మావాళ్లు పక్కకి పోయారు" అంది.

వీణమెట్లు:
అయ్యో. అర్థం తెలియకపోవడం వల్ల ఆవిడకి ఒక చోటు దొరికిందన్నమాట. ఇది మా మెట్ల మీద దొరికేది కాదు.

గోడమీదపిల్లి:
ఒప్పుకోను గానీ, ఇది నేను ఊహించలేదు. రేడియో గారూ, మొదటిసారి ఎవరిని తలుచుకుని ఏడ్చారో అడిగారా?

పాతరేడియో:
అడగలేదండీ. ముప్పై ఏళ్ల కాపురంలో కొన్ని అడగకూడదని తెలిసింది. ఈ ఆదివారం వాడు కొత్త పాట పెడతానన్నాడు. కథ తెలిసినా చెప్పొద్దని ముందే వాడితో ఒట్టేయించుకుంది.