మైలు 1 నిమిషం 40 సెకన్లు: జీపీఎస్ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చు?

కృష్ణాతీరం (ప్రశ్న):
2023 ఏప్రిల్‌లో మాంచెస్టర్ నుంచి లివర్‌పూల్ వరకు జరిగిన 50 మైళ్ల పరుగులో మూడో స్థానం పొందిన జోయాసియా జక్ర్‌జెవ్‌స్కీ కొంత దూరం కారులో ప్రయాణించినట్టు ట్రాకింగ్ సమాచారం వల్లనే బయటపడింది. అందులో ఒక మైలు 1 నిమిషం 40 సెకన్లలో ముగిసిందట. అయితే మాదాపూర్‌లో అద్దాల భవనాల మధ్య నేను మోకాలి నొప్పితో ఈడ్చుకుంటూ పరుగెత్తిన రోజున నా వాచీ కూడా ఒక కిలోమీటరును రెండు నిమిషాల్లో పూర్తి చేశానని చూపించింది. అలాంటప్పుడు ఒకరిపై నింద వేయడానికి ఈ అంకెలు సరిపోతాయా?

పాత రన్నర్:
ఆ మైలు వేగం గంటకు దాదాపు 58 కిలోమీటర్లు. మైలు ప్రపంచ రికార్డే 3 నిమిషాల 43 సెకన్లు కాబట్టి అక్కడ వాదనకు తావు లేదు. అసలు చిక్కు వాహనం మెల్లగా కదిలినప్పుడు వస్తుంది. 2016లో అమెరికాను పరుగుతో అడ్డంగా దాటే రికార్డు కోసం బయలుదేరిన బ్రిటిష్ రన్నర్ రాబ్ యంగ్‌పై అనుమానాలు రాగా, స్పాన్సరు కోరిక మేరకు పరిశోధకులు రోజర్ పీల్కే, రాస్ టక్కర్ ఆయన వాచీ సమాచారాన్ని పరిశీలించారు. దూరం బాగా నమోదై, అడుగులు మాత్రం అతి తక్కువగా ఉన్న భాగాలు అందులో కనిపించాయి. ఆయనకు అనుమతి లేని సహాయం అందిందని వారు తేల్చారు. యంగ్ ఆరోపణను ఒప్పుకోలేదు.

కృష్ణాతీరం:
మీ మాట చదివి నా ఫైలు తెరిచాను. ఆ రెండు నిమిషాల్లో సుమారు 300 అడుగులున్నాయి, అంటే అడుగుకు మూడు మీటర్ల పైమాటే. ఈ లెక్కన నేనూ దొంగనే కదండీ!

మ్యాపుల మాస్టారు:
కాదండీ. కారెక్కినా, జీపీఎస్ తప్పినా అడుగు పొడవు అసాధ్యంగానే వస్తుంది గనుక, చూడవలసింది నిమిషానికి ఎన్ని అడుగులు పడ్డాయన్నది. మీ కాళ్లు 150 చొప్పున ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి, తప్పిందల్లా ఉపగ్రహ సంకేతం. మ్యాపులో చూడండి, గీత రోడ్డును వదిలి భవనాల మీదుగా వంకరలు పోయి ఉంటుంది. కారులో కూర్చున్నవారి గీత రోడ్డును అంటిపెట్టుకునే సాగుతుంది, అడుగులు మాత్రం దాదాపు ఆగిపోతాయి, గుండె వేగం కూడా తగ్గుతుంది.

పాత రన్నర్:
ఒక్క మాట చేర్చాలి. కాలు నొప్పితో స్నేహితుడి కారెక్కానని, ఇక పోటీలో లేనని తర్వాతి చెక్‌పాయింటులో చెప్పానని జక్ర్‌జెవ్‌స్కీ వివరించారు. అయినా చివర్లో పతకం తీసుకున్నారు. ఏడాది నిషేధం విధించిన క్రమశిక్షణ సంఘం తూచవలసి వచ్చింది ఆ పతకం సంగతినే, ఎందుకంటే కారు ఎక్కిన మాటను ఆమె కాదనలేదు.